చెల్కల్లో చిక్కిన భాస్వరం: కంది వేరుకు చోటివ్వాలి

నల్లగొండ, పాలమూరు ఎర్రమట్టి చెల్కల్లో వానాకాలం సాగు మొదలైందంటే రైతు ముందుగా వెతికేది డీఏపీ బస్తానే. ఎరువుల లెక్కలో 50 కిలోల బస్తాకు 23 కిలోల భాస్వరం వస్తుంది. అందులో మొదటి పంటకు దక్కేది సాధారణంగా నాలుగో వంతు కూడా ఉండదు. మిగిలినది నత్రజనిలా గాలిలో కలిసిపోదు, నీటితో లోతుకు జారిపోవడమూ తక్కువే. ఎర్రమట్టికి ఆ రంగునిచ్చే ఇనుప ఆక్సైడ్లకే అతుక్కుని పొలంలోనే ఉండిపోతుంది. ముడి ఫాస్ఫేటు, ఫాస్ఫారిక్ ఆమ్లం, తయారైన డీఏపీ కోసం మన దేశం మొరాకో, జోర్డాన్, సౌదీ అరేబియా వంటి దేశాల మీద ఆధారపడుతోంది. అంత ఖర్చుపెట్టి తెచ్చిన పోషకం పొలంలోనే పేరుకుపోతుంటే, దాన్ని బయటికి తీయగల పంటలను పక్కకు నెట్టి ఏటా మళ్లీ బస్తాలే కొనడం సరైన విధానం కాదు.

మొక్క వేరు నీటిని పీల్చే గొట్టం మాత్రమే కాదు. మట్టిలో భాస్వరం తనంతట తాను కదిలేది మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు. అందుకే నూగు వేళ్ల చుట్టూ ఉన్న సన్నని మట్టి పొరలో అది త్వరగా అడుగంటుతుంది. ఆ కొరతను గుర్తించిన మొక్క వేళ్ల నుంచి ఫాస్ఫటేజ్ అనే ఎంజైములను వదులుతుంది. ఆకు రాలి కుళ్లినప్పుడు, పశువుల ఎరువు చివికినప్పుడు మిగిలే సేంద్రియ పదార్థంలో భాస్వరం కర్బన అణువులకు కట్టుబడి ఉంటుంది. ఎంజైము ఆ బంధాన్ని తెంచి, వేరు పీల్చుకోగల ఫాస్ఫేటుగా మారుస్తుంది. అయితే ఇనుముకు అతుక్కున్న ఖనిజ భాస్వరం మీద ఎంజైము పనిచేయదు. అక్కడ వేరు వదిలే ఆమ్లాలు కావాలి. సేంద్రియ భాస్వరం కూడా ఇనుప ఆక్సైడ్లకు పట్టుకుని ఉంటే, ముందు ఆమ్లం దాన్ని వదులు చేస్తేనే ఎంజైముకు అందుతుంది. ఈ రెండు పనులూ కలిస్తేనే ఎర్రనేల పట్టు సడలుతుంది.

దీనికి గట్టి ఆధారం మన పక్కనే, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో దొరికింది. అక్కడ పనిచేసిన జపాన్ శాస్త్రజ్ఞుడు నోరిహారు ఆయే బృందం 1990లో ‘సైన్స్’ పత్రికలో తమ ఫలితాలను ప్రచురించింది. భాస్వరం వేయని ఎర్రనేలలో జొన్న వంటి పంటలు కుదేలైనా కంది నిలదొక్కుకుంది. కంది వేళ్లు వదిలే పిసిడిక్ ఆమ్లం ఇనుమును తనతో బంధించుకుని, దానికి చిక్కిన ఫాస్ఫేటును విడిపిస్తుందని వారు తేల్చారు. భాస్వరం ఎక్కువగా కాల్షియంతో కలిసి ఉండే నల్లరేగడిలో మాత్రం జొన్నే మెరుగ్గా నెగ్గుకొచ్చింది. ఏ నేలకు ఏ వేరు సరిపోతుందో చూడాలన్నదే దీని సారం. జొన్న సాళ్ల మధ్య కంది వేసే మన మెట్ట పద్ధతికి ఈ పరిశోధన శాస్త్రీయ బలం ఇచ్చింది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. వేరు కొత్త భాస్వరాన్ని సృష్టించదు, ఉన్నదాన్నే తోడుతుంది కాబట్టి కొన్నాళ్లకు నేల ఒట్టిపోతుందన్నది మొదటిది. ఇది న్యాయమైన మాటే. గింజతో పాటు పొలం దాటిపోయిన భాస్వరాన్ని తిరిగి చేర్చాల్సిందే. అందుకే ఎరువు పూర్తిగా మానేయమని ఎవరూ అనకూడదు. భూసార పరీక్షలో నిల్వలు బాగున్నట్టు తేలిన పొలంలో మోతాదు తగ్గించి, పంట తీసుకుపోయినంత పూడ్చితే చాలు. పైగా భాస్వరం మితిమీరితే జింకు లోపం ముదురుతుంది. చెల్కల్లో సేంద్రియ పదార్థమే తక్కువ, ఇక ఎంజైములకు పనేముందన్నది రెండో అభ్యంతరం. ఇది వేరు మీద ఆశ వదులుకోవడానికి కారణం కాదు, పశువుల ఎరువును, పంట వ్యర్థాలను పొలానికి చేర్చడానికి కారణం. పండే దశలో కంది రాల్చే ఆకు కూడా ఆ లోటును కొంత పూడుస్తుంది. ఇక మూడోది రాబడి. పత్తి తీసేసి కంది వేయమంటే రైతు ఒప్పుకోడు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు. పత్తి సాళ్ల మధ్య కంది వేసుకోవచ్చు, ఏడాది విడిచి ఏడాది పంట మార్చుకోవచ్చు.

ఆ వెసులుబాటు కల్పించే బాధ్యత ప్రభుత్వానిది. 2025-26కు కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. పంట చేతికొచ్చే రోజుల్లో కొనుగోలు కేంద్రం తెరవకపోతే ఆ అంకె కాగితం మీదే మిగులుతుంది. పాలెం పరిశోధన స్థానం ఈ ప్రాంతానికి పీఆర్‌జీ-176 వంటి కంది రకాలనిచ్చింది. ఇకపై రకాలను ఎంపిక చేసేటప్పుడు దిగుబడి, తెగుళ్లతో పాటు భాస్వరం వేయని మడిలో వేరు పనితనాన్నీ కొలవాలి. ఎరువుల రాయితీకి పెడుతున్న డబ్బులో కొంత భూసార పరీక్షలకు, కంది విత్తనాలకు మళ్లించాలి. అలా చేస్తే చెల్క రైతు తాను ఇప్పటికే డబ్బు పెట్టి కొన్న భాస్వరాన్ని వాడుకోగలుగుతాడు, దానికి రెండోసారి ధర చెల్లించే అవసరమూ తగ్గుతుంది.