పడక ఒక్కటే విశ్రాంతి కాదు



దూరపు నడకకు బయలుదేరేవారు సంచి గురించి, చెప్పుల గురించి ఎంతో ఆలోచిస్తారు. మధ్యలో వచ్చే విశ్రాంతి రోజును గురించి ఆలోచించేవారు తక్కువ. "ఆ రోజు పడుకోవడమే గదా!" అంటారు. ఆ మాట సగమే నిజం.

మేము సంఘ యువజనులతో తిరుపతి నుండి చిత్తూరు వైపు నడిచినప్పుడు కాణిపాకంలో ఒక రోజు ఆగాము. అప్పటికి సుమారు 70 కిలోమీటర్లు నడిచాము. పొద్దెక్కేవరకు చాప మీది నుండి లేవని పిల్లలకు, లేవబోతే మోకాళ్లు వంగలేదు. తెల్లవారి లేచి ఊరిలో నెమ్మదిగా తిరిగి వచ్చినవారు కాస్త హాయిగా ఉన్నారు. ఇద్దరు ఉత్సాహవంతులు మాత్రం ఇంకో పది మైళ్లు తిరిగి వస్తామన్నారు. వారిని కూర్చోబెట్టవలసి వచ్చింది.

అలవాటు లేని నడకవల్ల, అందులోను పల్లం దిగడంవల్ల, కండలోని సన్నని పోగులు దెబ్బతింటాయి. ఆ నొప్పి వెంటనే కాక ఒకటి నుండి మూడు రోజుల్లో ఎక్కువగా తెలుస్తుంది. గనుక విశ్రాంతి రోజునే కాళ్లు ఎక్కువ లాగితే భయపడవద్దు.

కాణి అంటే మడి, పారకం అంటే నీళ్లు పారడం, ఆ రెండూ కలిసి కాణిపాకం అయిందని చెబుతారు. కాలికి కావలసిందీ అటువంటి పారకమే. పిక్క కండ ముడుచుకున్నప్పుడల్లా రక్తం గుండె వైపు పైకి సాగుతుంది. కదలక పడి ఉంటే అది మందగిస్తుంది. అయితే మడికి గండి కొట్టి నీళ్లు వదలము గదా! నెమ్మది నడక బిగువును కొంత సడలిస్తుంది; కండను బాగుచేసేది మాత్రం నిద్ర, తిండి, కాలమే.

విశ్రాంతి అంటే పడకే అన్న నమ్మకం పాతది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియంలలో, సరియైన మందులు లేని రోజుల్లో, క్షయకు విశ్రాంతే ముఖ్య చికిత్స. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఫలితాలు 1959లో వెలువడ్డాయి. మంచి మందు వాడితే, ఇంటి దగ్గర తిరుగుతూ ఉన్న రోగులు కూడ శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా బాగుపడ్డారు. క్షయ వేరు, కాళ్ల అలసట వేరు. అయినా పడుకోవడమే మందు కాదన్న పాఠం రెండింటికీ వర్తిస్తుంది.

మరి ఆ రోజు ఏమి చేయాలి? ముందు కడుపునిండా నిద్ర. తరువాత ఎండ ముదరకముందే, సంచి లేకుండా, మాటలాడుకుంటూ ఇరవై ముప్పై నిమిషాలు మెల్లగా నడవండి. బట్టలు ఉతుక్కోండి, వంటకు నీళ్లు తెచ్చి ఇవ్వండి, అవీ కదలికలే. రాగి సంకటి, పప్పు, గుడ్డు, మజ్జిగ తీసుకోండి. సాయంత్రం మరికొంత దూరం నడిచి, పాదాలు కడిగి, తుడిచి, బొబ్బలు చూసుకోండి. చక్కెర వ్యాధి ఉన్నవారు అరికాళ్లు తప్పక చూపించుకోవాలి.

ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి నొప్పి పెడితే, మూత్రం ముదురు గోధుమ రంగుకు మారితే, లేక ఒకే ఎముక మీద నొప్పి నిలిచి అడుగు వేయనీయకపోతే, నడకతో దాన్ని పోగొట్టాలని చూడవద్దు. ఆలస్యం చేయక వైద్యుని దగ్గరకు వెళ్లండి.

అలసిన ఏలీయాను దేవదూత ఒక్కసారి లేపి వెంటనే పంపివేయలేదు. ఏలీయా తిని, తాగి, మళ్లీ పడుకొన్నాడు. రెండవసారి తిన్న తరువాతనే హోరేబు దారి పట్టాడు. ముందున్న దారి ఎంతో తెలిసినవారే విశ్రాంతిని సరిగా వాడుకుంటారు. మీ పిల్లలు ఈ సెలవుల్లో నడకకు వెళ్తుంటే, సంచిలో రొట్టెతోపాటు ఈ మాట కూడ కట్టి పంపండి.