ఆటో స్టార్టర్ పీకుదాం, మడిని ఆరనిద్దాం!

యాసంగి నాట్లకు తయారవుతున్న రైతన్నలారా, అక్కలారా, కౌలు రైతులారా!

నాటు వేసినప్పటి నుంచి కోతల దాకా మడిలో నీళ్లు నిలబడి ఉండాల్సిందేనా? అక్కర్లేదు. అలా నిలబెట్టడం వల్ల నష్టమే ఎక్కువ.

నిండా నీళ్లున్న మడిలో కాలు పెడితే బురదలోంచి బుడబుడమని బుడగలొస్తాయి కదా! అందులో మీథేన్ ఉంటుంది. గోబర్ గ్యాస్ పొయ్యిలో మండేది కూడా ఇదే. గాలి సోకని బురదలో సూక్ష్మజీవులు దీన్ని పుట్టిస్తే, వరి దంటే గొట్టమై పైకి పంపిస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే ఇది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. మార్చిలోనే మన వరి కంకిని మాడ్చే ఎండల్లో దీని పాలూ ఉంది.

"కార్లోళ్లను, ఫ్యాక్టరీలోళ్లను వదిలేసి మా మీద పడ్డారేంది?" అని అడుగుతారు. న్యాయమైన మాటే. వాళ్లనూ అడగాల్సిందే. అయితే ఈ పని వాళ్ల కోసం కాదు. బోరు మనది, ఎండితే గోస కూడా మనదే.

చేయాల్సింది ఇది. నాలుగించుల పీవీసీ పైపు అడుగు పొడవు కోయండి. కింది సగానికి చుట్టూ రంధ్రాలు పెట్టి, ఆ సగం మడిలో దిగేలా కొట్టండి. లోపలి మట్టి తీసేయండి. నాటేసిన రెండు మూడు వారాల దాకా నీళ్లుంచండి, లేకుంటే కలుపు మీద పడుతుంది. ఆ తర్వాత నీళ్లు కట్టడం ఆపండి. పైన మడి ఆరినట్టే కనిపిస్తుంది, భయపడొద్దు. పైపులో నీళ్లు నేల మట్టానికి ఆరించులు కిందికి దిగాక రెండించుల నీళ్లు కట్టండి. మళ్లీ ఆరనివ్వండి. ఈనే దశలో మాత్రం, పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మడి ఆరకూడదు. ఇంత జాగ్రత్తగా చేస్తే దిగుబడి తగ్గదు. నీళ్లు 30 శాతం దాకా మిగులుతాయి, మీథేన్ సగం దాకా తగ్గుతుంది.

దీనికి పెద్ద అడ్డు మోటారుకున్న ఆటో స్టార్టరే. రాత్రి కరెంటు రోజుల్లో పాములకు, షాకులకు భయపడి పెట్టుకున్నాం. అప్పుడది ప్రాణరక్షణ. 2018 జనవరి 1 నుంచి మన తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు వచ్చాక దాని పనేముంది? మనం ఇంట్లో పడుకున్నా కరెంటు రాగానే మోటారు నడుస్తుంది, నిండిన మడికే మళ్లీ నీళ్లు పారుతాయి. ఉచిత కరెంటే కదా అనుకోవద్దు, అందులో ఎక్కువ పాలు బొగ్గు కాల్చి తీసిందే.

యూరియా కూడా చూసి వేయండి. పైరు తీసుకోగా మిగిలిందాంట్లో కొంత నైట్రస్ ఆక్సైడ్ అయి గాలిలో కలుస్తుంది. అది మీథేన్ కంటే కూడా చెడ్డది. పక్కాయన మూడు బస్తాలు చల్లాడని మనం నాలుగు చల్లొద్దు. ఆరిన మడిలో చల్లి, వెంటనే నీళ్లు కట్టండి. కోత మిషన్ వదిలిన గడ్డికి నిప్పు పెట్టకండి, పశువులున్నోళ్లకు ఇవ్వండి.

ఇంకో మాట. ఇలా మీథేన్ తగ్గించినందుకు కార్బన్ డబ్బులిప్పిస్తామని ఎవరైనా వస్తే, ఒప్పందం తెలుగులో రాసిచ్చి ఎకరానికి ఎంతో చెప్పే దాకా సంతకం పెట్టకండి. కౌలుదారుకు ఎంతిస్తారో కూడా అడగండి.

చెరువు కింద, కాలువ కింద ఉన్నోళ్లకు ఇలా మడి ఆరబెట్టడం ఒంటరిగా కుదరదు. పై మడి నీళ్లు కింది మడిలోకి దిగుతూనే ఉంటాయి. అందుకే ఆయకట్టు మొత్తం కూర్చుని వంతులు పెట్టుకోవాలి, తూము ఎప్పుడు తీయాలో ముందే చెప్పమని అధికారులను అడగాలి.

ఈ ఆదివారం పొద్దున ఏడింటికి రైతు వేదిక దగ్గరికి రండి. పైపులు కోసి, రంధ్రాలు పెట్టి మేమే తెస్తాం. ఆటో స్టార్టర్ విప్పడానికి ఊరి మెకానిక్ కూడా ఉంటాడు. ఇంటికొక్కరైనా రండి, నీళ్లు కట్టేది ఆడోళ్లయితే వాళ్లే రావాలి.

— మీ ఊరి రైతులు