పెళ్ళి పందిరి కెమెరా నేర్చుకునే బడి కాదు

ముహూర్తాలు దగ్గర పడుతున్నాయంటే మన జిల్లా ఫొటోగ్రాఫర్ల చేతుల్లో కొత్త కెమెరాలు కనిపించటం పరిపాటి అయింది. నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ పట్టణాల్లోనే కాదు, మండల కేంద్రంలో బస్టాండు పక్కన చిన్న గదిలో స్టూడియో నడుపుకొనేవారు సైతం పాత డిఎస్‌ఎల్‌ఆర్ కెమెరా అమ్మివేసి మిర్రర్‌లెస్ కెమెరాకు మారుతున్నారు. మారటం తప్పు కాదు. నేడో రేపో మారక తప్పదు కూడా. అయితే శుక్రవారం హైదరాబాద్ కోఠిలో కెమెరా కొని, ఆదివారం దానితోనే పెళ్ళికి వెళ్ళటం మాత్రం ముమ్మాటికీ తప్పు. దాని వలన ముందు నష్టపోయేది పెళ్ళివారు, ఆ వెనుక ఫొటోగ్రాఫరు.

ఈ తొందరకు ఫొటోగ్రాఫర్లను మాత్రమే నిందించి లాభం లేదు. అడ్వాన్సు ఇచ్చే ముందు పెళ్ళివారు అడిగే మొదటి మాట, "ఏం తమ్మీ, నీది మిర్రర్‌లెస్సేనా?" అని. కాదంటే పక్క ఊరి స్టూడియోకు పోతారు. ఆ భయంతో కొందరు కిస్తీల మీద, మరికొందరు వడ్డీకి తెచ్చి కొంటున్నారు. బాడీ, లెన్సులు, ఫ్లాష్, కార్డులు, అదనపు బ్యాటరీలు అన్నీ కలిపితే లక్షల్లో మాట. ముహూర్తాలు ఏడాదిలో కొన్ని నెలలే ఉంటాయి. కిస్తీ మాత్రం పన్నెండు నెలలూ కట్టవలసిందే. కనుక కొన్న మర్నాటి నుంచే కెమెరా సంపాదించి పెట్టాలన్న ఆత్రం సహజం. చిక్కు అక్కడే వస్తున్నది.

అసలు మారినదేమిటి?

పాత కెమెరాలో లెన్స్ వెనుక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. వెలుగు దానికి తగిలి పైకి వెళ్ళి మన కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం లేచి, వెలుగు సెన్సార్ మీద పడుతుంది. 'టక్' మనే చప్పుడులో ఎక్కువ భాగం ఆ అద్దానిదే. కొత్త కెమెరాలో ఆ అద్దం లేదు. వెలుగు నేరుగా సెన్సార్ మీదికే వస్తుంది. మన కన్ను చూసేది సెన్సార్ పట్టిన బొమ్మను, చిన్న తెర మీద. ఈ తరహా కెమెరాను 2008లో పానసోనిక్ జి1 పేరుతో తెచ్చింది. పెద్ద సెన్సార్‌తో సోనీ ఎ7 2013లో వచ్చింది. నికాన్ జడ్ వరుస, కేనన్ ఆర్ వరుస 2018లో మొదలయ్యాయి. ఆ తరువాత పాత తరహాలో కొత్త మోడళ్ళు రావటం దాదాపు ఆగిపోయింది. అందుకే మారక తప్పదన్నది.

కొత్త కెమెరాలో సౌకర్యాలు లేకపోలేదు. ఫొటో ఎంత వెలుగుతో వస్తుందో తీయక ముందే కనిపిస్తుంది. మనిషి కంటిని వెతికి పట్టుకుని ఫోకస్ చేస్తుంది. చప్పుడు లేకుండా తీయగలదు. కానీ తెలుసుకోకుండా వాడితే ఒక్కొక్క సౌకర్యం ఒక్కొక్క చిక్కు తెచ్చి పెడుతుంది.

ఫంక్షన్ హాలులో ఫ్లాష్ బిగించి, షట్టర్ 1/200, ఎపర్చర్ 8 పెట్టి కంటికి ఆనించగానే తెరంతా చీకటిగా కనిపిస్తుంది. ఫ్లాష్ వెలుగు ఇంకా పడలేదు కనుక కెమెరా ఉన్న వెలుగునే చూపిస్తున్నది. ఇది తెలియని వారు కెమెరా చెడిపోయిందనుకుని, ఉన్న సెట్టింగులన్నీ కదిలించి ఇంకా చెడగొట్టుకుంటారు. సోనీలో 'లైవ్ వ్యూ డిస్‌ప్లే', కేనన్‌లో 'ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్' అనే చోట ఒక్క మార్పు చేస్తే తెర వెలుగుతుంది. నేర్చిన వానికి అర నిమిషం పని. పందిట్లో వెతుక్కునే వానికి తాళి కట్టే సమయం దాటిపోతుంది.

చప్పుడు లేని షట్టర్‌తో తీస్తే చాలా కెమెరాల్లో ఫ్లాష్ వెలగదు. ఎల్‌ఈడీ దీపాల కింద ఫొటోలో అడ్డంగా చారలు పడే ప్రమాదమూ ఉంది. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్ళు కనుక దాని మీద వెలిగే దీపాలు సాధారణంగా సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. షట్టర్ 1/50 లేదా 1/100 దగ్గర ఉంచితే చారలు తగ్గుతాయి. డెకరేషన్ దీపాలకు ఈ లెక్క కూడా అన్ని వేళలా సరిపోదు. మండపంలో మెకానికల్ షట్టర్ వాడటమే క్షేమం.

కంటిని పట్టే ఫోకస్ సంగతీ అంతే. జీలకర్ర-బెల్లం వేళ వధూవరుల చుట్టూ పాతిక ముఖాలు ఉంటాయి. పెళ్ళికూతురు తల వంచుకుని ఉంటుంది, నుదుట బాసికం, మధ్యలో తెర. కెమెరాకు పెళ్ళికూతురెవరో మేనత్త ఎవరో తెలియదు. స్పష్టంగా కనిపించిన కంటిని పట్టుకుంటుంది. ఏ ముఖాన్ని పట్టాలో మనం ఏ బటన్‌తో చెప్పాలన్నది వేలికి తెలిసి ఉండాలి.

కంపెనీ మారితే వేళ్ళకు వచ్చిన విద్య కూడా కొంత మరచి మళ్ళీ నేర్వవలసిందే. నికాన్ లెన్స్ ఒక వైపు తిప్పితే బిగుస్తుంది, కేనన్ లెన్స్ రెండో వైపు. ఒకదానిలో 'ఎ', 'ఎస్' అని ఉన్న చోట మరొకదానిలో 'ఎవి', 'టివి' అని ఉంటుంది. అదే కంపెనీలో ఉన్నా పాత లెన్సులకు అడాప్టర్ కావాలి. లెన్స్‌లో మోటారు లేని పాత నికాన్ లెన్సులు ఆ కంపెనీ ఎఫ్‌టిజడ్ అడాప్టర్‌తో బిగుస్తాయి గాని, వాటంతట అవి ఫోకస్ కావు. చేతితో తిప్పుకోవాలి.

బ్యాటరీ మాట సరేసరి. ఒక ఛార్జింగుతో నికాన్ డి750కి 1230 ఫొటోలని కంపెనీ లెక్క చెప్పింది. అదే కంపెనీ జడ్6కు వ్యూఫైండర్‌తో 310 అని చెప్పింది. వరుసగా తీస్తే ఇంతకంటె ఎక్కువే వస్తాయి. అయినా పాత అలవాటున రెండు బ్యాటరీలతో వెళ్ళిన వాడు అప్పగింతల వేళకు ప్లగ్గు కోసం వెతుక్కోవలసి వస్తుంది. అద్దం అడ్డం లేదు కనుక లెన్స్ మార్చేటప్పుడు సెన్సార్ మీద దుమ్ము పడటం తేలిక. పసుపు, తలంబ్రాలు ఎగిరే చోట లెన్స్ విప్పరాదు. రెండు కార్డులు పట్టే కెమెరా అయితే రెండింటిలోనూ ఒకేసారి ఫొటో పడేటట్లు ముందే పెట్టుకోవాలి. కొన్ననాడు చాలా వాటిలో అలా ఉండదు.

"ఇన్ని తంటాలెందుకు, ఆటోలో పెట్టి తీస్తే సరి" అనేవారు ఉన్నారు. ఆటోలోనే తీసేటట్లయితే లక్షల కెమెరా దేనికి? పెళ్ళివారి మేనల్లుడి చేతిలో ఫోను చాలు.

ఆషాఢం ఎందుకున్నది?

కొత్త కెమెరా కొనటానికి సరైన సమయం మాఘం ముందు కాదు, ఆషాఢం. ఆ నెలలో మనకు పెళ్ళిళ్ళు ఉండవు. కానీ బోనాలు ఉంటాయి. సాయంత్రపు మసక వెలుగు, దీపాలు, కదిలే జనం, ఎగిరే పసుపు అన్నీ అక్కడే దొరుకుతాయి. ఫంక్షన్ హాలులో ఎదురయ్యే కష్టాలన్నీ ఒక్క ఊరి బోనాలలో ఎదురవుతాయి. ఫొటో చెడినా అడిగేవారు ఉండరు. ఆ నెల రోజులు రోజుకొక గంట కూర్చుని, మెనూ చూడకుండా ఐఎస్‌ఓ, షట్టర్, ఎపర్చర్, ఫోకస్ చోటు మార్చటం అలవాటు చేసుకోవాలి. కళ్ళు మూసుకుని మార్చగలిగిన నాడు ఆ కెమెరా మనదైనట్లు.

మొదటి కొన్ని పెళ్ళిళ్ళకు పాత కెమెరాను వెంట ఉంచుకోవటం మంచిది. పాతది అమ్మనిదే కొత్తది రాదని కొందరి బాధ. అది నిజమే. అటువంటివారు తోటి స్టూడియోవారి పాత కెమెరాను ఆ పూటకు అడిగి తెచ్చుకోవచ్చు. దండలు మళ్ళీ వేయించి ఫొటో తీయవచ్చును గాని, తాళి మళ్ళీ కట్టించలేము. పెళ్ళి ఫొటోలు చెడితే మిగతా డబ్బులు రావు. ఆ ఊళ్ళో మళ్ళీ పిలుపూ రాదు. కిస్తీ మాత్రం ఆగదు.

ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినం జరుపుకొంటున్న సంఘాలు ఈ విషయంలో ముందుకు రావలసిన అవసరం ఎంతైనా ఉన్నది. ర్యాలీలు, ఫ్లెక్సీలతో పాటు ఆషాఢంలో ప్రతి మండల కేంద్రంలోనూ ఒక రోజు తరగతి పెట్టాలి. ముందుగా మారినవారు వెనుక మారేవారికి నేర్పాలి. చేతి పుస్తకాలు, మెనూలు ఇంగ్లీషులో ఉండటంతో చదువు అంతగా లేనివారు తెలిసినట్లు నటించి ఇబ్బంది పడుతున్నారు. లక్షలు తీసుకుని పెట్టె చేతికిచ్చి పంపే దుకాణాలవారు కూడా ఒక పూట కూర్చోబెట్టి తెలుగులో నేర్పటం వారి ధర్మం.

పెళ్ళి పెద్దలకు కూడా ఒక మనవి. ఏ కెమెరా అని అడగటం మానండి. "ఈ కెమెరాతో ఎన్ని పెళ్ళిళ్ళు తీసినవు?" అని అడగండి. ఏరిన పది ఫొటోలు కాదు, ఈ మధ్య తీసిన ఒక పెళ్ళి ఫొటోలన్నీ మొదటి నుంచి చివరి దాకా చూపించమనండి. పాత కెమెరాతో చక్కగా తీసేవాడు దొరికితే అతనికే అడ్వాన్సు ఇవ్వండి. ఆ నమ్మకం మీరిస్తే, అతడు అప్పుకు పరుగెత్తకుండా, వీలైనప్పుడు కొని, నేర్చుకున్న తరువాతే కొత్త కెమెరాతో మీ ఊరికి వస్తాడు.