అవలాంచ్ ఎయిర్‌బ్యాగ్ కొనే ముందు: శంషాబాద్ నుంచి బయల్దేరేవాడి లెక్క వేరు

మామూలుగా ఇక్కడ నేను రాసేది ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి. ఈసారి ఒక బ్యాక్‌ప్యాక్ గురించి రాస్తున్నా. ధర లక్ష దాటుతుంది. కొన్నాక జీవితంలో ఒక్కసారి కూడా వాడే అవసరం రాకూడదని దండం పెట్టుకోవాల్సిన గ్యాడ్జెట్ నాకు తెలిసి ఇదొక్కటే.

మా బావ కెనడాలో ఉంటాడు, కాల్గరీలో. చలికాలం వస్తే వారాంతాల్లో ఫ్రెండ్స్‌తో బ్రిటిష్ కొలంబియా కొండల్లో స్నోమొబైల్ నడుపుతాడు. మనాలి దగ్గర సోలంగ్‌లో మనం ఎక్కే స్నో స్కూటర్ లాంటిదే అనుకోకండి. అక్కడ ముందు ఒకడు నడుపుతుంటే మనం వెనక కూర్చుని సెల్ఫీ తీసుకుంటాం. ఇక్కడ రోడ్డు ఉండదు, ట్రాక్ ఉండదు. రెండు వందల కిలోలు దాటే బండిని ఎవరూ తొక్కని మంచులో నిటారు వాలు మీదకి ఎక్కించి, పైన తిప్పి దింపాలి. వచ్చే చలికాలం నన్నూ రమ్మన్నాడు. "బీకన్, పార నేను సర్దుతా, ఎయిర్‌బ్యాగ్ మాత్రం నువ్వే కొనుక్కో, నీ నడుముకి సరిపోవాలి" అన్నాడు.

పని చేసే పద్ధతి సింపుల్. భుజం పట్టీ మీద ఉన్న హ్యాండిల్ లాగితే కొన్ని సెకన్లలో దాదాపు 150 లీటర్ల బెలూన్ మెడ వెనక విచ్చుకుంటుంది. మంచు మీద తేలడం కాదు ఇక్కడ జరిగేది. కారప్పూస మిక్చర్ డబ్బా ఊపితే పల్లీలు పైకొచ్చి, సన్న పూస అడుగుకి పోతుంది చూడండి, అదే. కదులుతున్న మంచు గడ్డల్లో పెద్ద వస్తువు పైకి వస్తుంది. బెలూన్ మనల్ని పల్లీని చేస్తుంది, అంతే. ప్రవాహం ఆగిపోతే ఇక పైకి తెచ్చేది ఏమీ లేదు. పైగా చెట్టుకి కొట్టుకున్నా, లోయలో పడినా, సొంత బండే మీద పడినా బెలూన్ చేసేది చాలా తక్కువ.

ఇది అమ్మకి అర్థమయ్యేలా చెప్పడం నాకు చాతకాలేదు. ఎవరో పంపిన రీల్‌లో ఒకడు బెలూన్‌తో బయటపడటం చూసి, "ఆ గాలి బ్యాగు ఉంటేనే నిన్ను పంపేది" అని షరతు పెట్టింది. నిజాయితీగా ఉందామని 2014లో వచ్చిన ఒక పరిశోధన లెక్క చెప్పాను. అవలాంచ్‌లో గట్టిగా చిక్కుకున్నవాళ్లలో బ్యాగు విచ్చుకోనివాళ్లు 22 శాతం చనిపోతే, విచ్చుకున్నవాళ్లు 11 శాతం చనిపోయారు. సగానికి సగం తగ్గిందమ్మా, ఇంకేం కావాలి అన్నాను. "మరి ఆ పదకొండు మందికీ బ్యాగు ఉందిగా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు ప్రాబబిలిటీ చదివినవాణ్ణి నేను. అమ్మ చదివింది పదో తరగతి.

అదే పరిశోధనలో ఇంకో లెక్క ఉంది, రివ్యూలు రాసేవాళ్లు పెద్దగా పట్టించుకోనిది. ఎయిర్‌బ్యాగ్ వేసుకుని ఉన్నవాళ్లలో దాదాపు 20 శాతం మందికి బ్యాగు విచ్చుకోనేలేదు. అందులో ఎక్కువ భాగం, 60 శాతం, మెషీన్ ఫెయిలై కాదు. మనిషి హ్యాండిల్ లాగలేకపోయాడు. అందుకే నా ఉద్దేశంలో ఈ గ్యాడ్జెట్‌కి ముఖ్యమైన స్పెక్ లీటర్లూ కాదు, బరువూ కాదు. ఎన్నిసార్లు ప్రాక్టీస్ చేయగలం అన్నది.

ఇక్కడే గ్యాస్, ఎలక్ట్రిక్ అనే తేడా వస్తుంది. గ్యాస్ మోడళ్లలో బాగా ఒత్తిడితో నింపిన చిన్న సిలిండర్ ఉంటుంది. జర్మనీ కంపెనీ ఏబీఎస్ 1985లో మొదలుపెట్టిన దారి ఇది. తేలిక, ధర తక్కువ, దశాబ్దాలుగా నిలబడిన టెక్నాలజీ. కానీ ఒకసారి లాగితే సిలిండర్ ఖాళీ. మళ్లీ నింపించాలి, లేదా కొత్తది కొనాలి. హైదరాబాద్‌లో దాన్ని ఎక్కడికి పట్టుకెళ్తాం?

ఎలక్ట్రిక్‌లో ఫ్యాన్ ఉంటుంది, బయటి గాలినే పీల్చి నింపుతుంది. ముందు వచ్చినవి లిథియం బ్యాటరీతో నడిచేవి. తర్వాత స్విట్జర్లాండ్ కంపెనీ ఆల్‌ప్రైడ్ 2018 ప్రాంతంలో ఈ1తో సూపర్ కెపాసిటర్లు తెచ్చింది. చలికి ఫోన్ బ్యాటరీ 40 శాతం చూపిస్తూనే ఠపీమని ఆఫ్ అయిపోవడం గుల్మార్గ్ వెళ్లినవాళ్లకి అనుభవమే. సూపర్ కెపాసిటర్ చలికి అంతలా లొంగదు. యూఎస్‌బీతో చార్జ్ చేసుకోవచ్చు, తోడుగా రెండు ఏఏ సెల్స్. లాగు, మడిచి పెట్టు, చార్జ్ చెయ్, మళ్లీ లాగు. పైసా ఖర్చు లేదు.

ఇక ఎయిర్‌పోర్ట్ సంగతి. కొలరాడోలో ఉన్నవాడికి ఈ తలనొప్పి లేదు, బ్యాగు కారు డిక్కీలో పడేసి వెళ్లిపోతాడు. నేను ఉండేది శంషాబాద్‌లో, రన్‌వే ఎక్కిన విమానాల చప్పుడుకి నిద్ర లేచేంత దగ్గర్లో. మంచు చూడాలంటే విమానం ఎక్కక తప్పదు. పోయిన ఏడాది గుల్మార్గ్‌కి ఫ్రెండ్ దగ్గర గ్యాస్ బ్యాగు అరువు తీసుకుని బయల్దేరాను. అంతర్జాతీయ విమాన నిబంధనల్లో ఈ బ్యాగులకి ప్రత్యేకంగా చోటుంది: మనిషికి ఒకటి, మంట పట్టని గ్యాస్ సిలిండర్, ట్రిగ్గర్‌లో పేలుడు పదార్థం ఉంటే 200 మిల్లీగ్రాములు దాటకూడదు, పొరపాటున విచ్చుకోకుండా సర్దాలి. ఇదంతా ప్రింట్ తీసుకుని మరీ వెళ్లాను. ఒక్క లైను సరిగ్గా చదవలేదు: ఎయిర్‌లైన్ అనుమతి ముందే తీసుకోవాలి. కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే అడిగింది, "అప్రూవల్ మెయిల్ ఉందా సర్?" లేదు. తప్పు పూర్తిగా నాదే. దింపడానికి వచ్చిన తమ్ముడి చేతికి సిలిండర్ ఇచ్చి, మూడు కిలోల ఉత్త సంచి మోసుకుంటూ శ్రీనగర్ వెళ్లాను. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు అవలాంచ్‌లో చనిపోయిన అఫర్వత్ కొండ అక్కడే ఉంది. గొండోలాలో పైకి వెళ్లి, కాసేపు చూసి, అదే గొండోలాలో దిగొచ్చేశాను.

కెనడా అంటే ఒకటి కాదు, రెండు మూడు ఫ్లైట్లు, ఒక్కోసారి వేర్వేరు ఎయిర్‌లైన్లు. ఎవరి అనుమతి వాళ్లదే. దారిలో అమెరికా తగిలితే ఇంకో చిక్కు, నిండా ఉన్న సీల్డ్ సిలిండర్‌ని అక్కడి సెక్యూరిటీ ఒప్పుకోదు. కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకి నా ఓటు సూపర్ కెపాసిటర్ మోడల్‌కే. ఖరీదు ఎక్కువే, బరువూ కాస్త ఎక్కువే. అయినా అదే. గ్యాసే కావాలనుకుంటే సిలిండర్ అక్కడికి వెళ్లాక అద్దెకి తీసుకోండి. ఎలక్ట్రిక్ అయినా సరే ఎయిర్‌లైన్‌కి ముందే మెయిల్ పెట్టి, జవాబు ప్రింట్ తీసుకోండి. లిథియం మోడల్ అయితే స్పేర్ బ్యాటరీ చెక్-ఇన్‌లో వేయకూడదు, క్యాబిన్‌లోనే.

స్నోమొబైల్‌కి మాత్రమే వర్తించే విషయాలు కొన్ని ఉన్నాయి. యాక్సిలరేటర్ కుడి బొటనవేలి కింద ఉంటుంది. అవలాంచ్ కదిలినప్పుడు ముందు చేయాల్సింది బండి ఆపకుండా పక్కకి తప్పించుకోవడం. అంటే హ్యాండిల్ ఎడమ చేత్తో లాగగలగాలి. హ్యాండిల్ వైపు మార్చుకునే వీలున్న మోడల్ చూడండి. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి, లేకపోతే మంచు లాగుడికి బ్యాగు తల మీదుగా ఊడిపోతుంది.

ఇది పరీక్షిద్దామని ఒక మోడల్ నాలుగు రోజులకి తెప్పించుకుని, మే నెల మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నా బుల్లెట్ మీద కూర్చున్నాను. హెల్మెట్, లావు గ్లోవ్స్, జాకెట్, మీద ఈ బ్యాగు. కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీద, ఎడమ చెయ్యి హ్యాండిల్ కోసం. మొదటిసారి దొరకలేదు. రెండోసారీ దొరకలేదు. చూస్తే హ్యాండిల్‌ని జిప్ లోపల దాచే ఉంచాను, బయటికి తీయనేలేదు. కొండ మీద అయితే నేను ఆ 60 శాతంలో ఒకణ్ణి. మూడోసారి విచ్చుకుంది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి "టైర్ పేలిందా సార్?" అన్నాడు. ఆ సాయంత్రానికి పదకొండుసార్లు లాగాను. చివరి మూడు సార్లు కళ్లు మూసుకుని.

ఇంకో మాట, ముఖ్యంగా మన గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి. బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద పని చేస్తుంది. ఫోన్, యాక్షన్ కెమెరా, హీటెడ్ గ్లోవ్స్ దానికి పరమ శత్రువులు. మామూలుగా 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం ఉంచాలి. మంచు కింద పూడిపోయినవాడిని మొదటి పది నిమిషాల్లోపు తీస్తే బతికే అవకాశం 90 శాతం దగ్గర్లో ఉంటుంది. అరగంట దాటితే మూడో వంతుకి పడిపోతుంది. హెలికాప్టర్ వచ్చేలోపు ఆ పది నిమిషాలు అయిపోతాయి. తవ్వేది పక్కనున్న స్నేహితులే. అందుకే లక్ష పెట్టి బ్యాగు కొని, పార వాడటం రాకపోతే దండగ.

కొన్నానా అంటే, ఇంకా లేదు. ఆ మోడల్ తిరిగిచ్చేశాను. బావకి నిన్న మెసేజ్ పెట్టాను: "ముందు ఏఎస్‌టీ 1 కోర్సులో ఇద్దరికీ సీట్లు బుక్ చెయ్, స్నోమొబైల్ వాళ్లది. అది అయ్యాకే కొండ." మూడేళ్లుగా నడుపుతున్నవాడు, ఆ కోర్సు తనూ చేయలేదట. "సరే రా" అన్నాడు, ఒక గంట ఆలస్యంగా.