తలకు దెబ్బ తగిలితే స్కాన్ తీయాలా? ఈ రక్తపరీక్ష ఏం చెప్తుంది.. ఏం చెప్పదు?

బైక్ మీద నుంచి పడ్డారు. స్పృహ ఉంది, మాట్లాడుతున్నారు. అయినా తల లోపల రక్తస్రావం ఉందేమోనన్న భయం.. అందుకే సీటీ స్కాన్. తీరా చూస్తే, ఇలాంటి స్వల్ప గాయాల్లో ఎక్కువ మందికి స్కాన్‌లో ఏమీ కనపడదు. ఈ అనవసర స్కాన్లు తగ్గించడానికే అమెరికాలో 2018 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ ఓ రక్తపరీక్షకు అనుమతిచ్చింది. 2024లో అబాట్ కంపెనీ పరికరానికి గ్రీన్‌సిగ్నల్ వచ్చాక పేషెంట్ పక్కనే, 15 నిమిషాల్లో రిజల్ట్ వచ్చేస్తోంది. అదీ 18 ఏళ్లు నిండినవారికే, దెబ్బ తగిలిన 24 గంటల్లోపే.

ఇంతకీ రక్తంలో ఏం వెతుకుతారు? మెదడు కణాలు దెబ్బతింటే జీఎఫ్ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనే ప్రోటీన్లు రక్తంలోకి చేరతాయి. 1,900 మందికి పైగా పేషెంట్లపై చేసిన స్టడీలో, టెస్ట్ నెగెటివ్ వచ్చినవారిలో 99.6 శాతం మందికి స్కాన్ కూడా క్లియర్‌గానే ఉంది.

అసలు చిక్కు పాజిటివ్‌తోనే. స్కాన్‌లో ఏమీ లేనివారిలోనూ దాదాపు మూడింట రెండొంతుల మందికి పాజిటివే వచ్చింది. అంటే వాళ్లకి ఎలాగూ స్కాన్ తప్పదు. "రక్తపరీక్షతోనే మెదడు గాయం తేలిపోతుంది" అన్న ప్రచారం అందుకే కాస్త ఎక్కువే.

పోనీ, నెగెటివ్ వస్తే గాయమే లేనట్టా? కాదు. స్కాన్‌కి దొరకని కంకషన్ ఉండొచ్చు. ప్లేయర్‌ని మళ్లీ గ్రౌండ్‌లోకి ఎప్పుడు పంపాలో ఈ టెస్ట్ చెప్పదు. నెగెటివ్ అని ఇంటికి పంపేశాక కూడా వాంతులు అవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మత్తుగా ఉంటున్నా.. వెంటనే మళ్లీ ఆస్పత్రికే.