యెవరి నిత్యజీవితం?

వలసవచ్చినవారికి ఇంగ్లీషును వ్యాకరణం ద్వారా గాక నిత్యజీవితం ద్వారా నేర్పాలి అనే సూత్రానికి యీనాడు విరోధులు లేరు. పండితులు ఒప్పుకున్నారు. ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. యజమానులు అందరికన్నా ముందే ఒప్పుకున్నారు. యిందరు యింత సులభంగా ఒప్పుకున్న సూత్రంలో యెవరి ప్రయోజనం యెంత వుందో చూడవలసిన బాధ్యత విమర్శకుడిది.

సూత్రం తప్పని నేననడం లేదు. మెల్‌బోర్న్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిన తల్లికి కర్మణి ప్రయోగంతో పనిలేదు. మందుసీసా మీద రోజుకెన్నిసార్లని రాసివుందో చదువుకోవాలి. బస్సు యెక్కడ మారాలో అడగాలి. నొప్పి యెక్కడ పుట్టి యెటు పాకుతున్నదో డాక్టరుకు తనే చెప్పుకోవాలి. (మన కుర్రవాళ్ళు ఇంగ్లీషు పరీక్ష పాసయ్యాకే విమానం యెక్కుతారు గనక యీ గొడవ పరాయివాళ్ళదని మనవాళ్ళ ధీమా. ఆ తల్లిని యెవరూ లెక్కలోకి తీసుకోరు.) విద్యార్థులను బజారుకు తీసుకుపోయి ధరలచీటీలు చదివించే ఉపాధ్యాయుడు, క్రియారూపాలు వల్లెవేయించే ఉపాధ్యాయుడికన్నా నిస్సందేహంగా మెరుగు.

నా పేచీ అటువంటి పాఠాల్లో తరచు కనిపించే మనిషితో. ఆ మనిషి దారి అడుగుతాడు, థాంక్యూ అంటాడు, ఆలస్యమైతే సారీ అంటాడు. యెదురుప్రశ్న మాత్రం వెయ్యడు. అతనికి అవసరాలున్నాయి గాని ఫిర్యాదులు లేవు.

యితనెక్కడ పుట్టాడు? అమెరికాలో, ఫ్యాక్టరీ గేటు దగ్గర. 1910 ప్రాంతాల్లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ పోలెండు కూలీలకు చెప్పించిన మొదటి పాఠంలో విషయమిది: కూత వినిపించింది, త్వరపడాలి, బట్టలు మార్చుకుని పనికి సిద్ధం కావాలి, మళ్ళీ కూత వినిపించేదాకా పనిచెయ్యాలి, పోయేముందు తన చోటు శుభ్రంచేసి పోవాలి. యింతకు మించిన నిత్యజీవితం యేముంటుంది! కూలివాడికి యిదంతా రోజూ అనుభవమే. ఆ పాఠంలో లేనిదల్లా కూలి యెంత, యంత్రంలో చెయ్యి నలిగితే యెవరిని అడగాలి అన్నదే.

ఫోర్డు మరికొంచెం ముందుకు పోయాడు. 1914లో హైలాండ్ పార్కు ఫ్యాక్టరీలో ఇంగ్లీషు బడి పెట్టాడు. పొద్దున్నే లేవడం, మొహం కడుక్కోవడం, బల్లదగ్గర కూచుని తినడం కూడా అక్కడ పాఠాలే. ఆ యేడే రోజుకు 5 డాలర్లు అని ఫోర్డు లోకమంతా చాటించుకున్నాడు. ఆ 5 డాలర్లకు అర్హులా కాదా అని కంపెనీ పరిశోధకులు కార్మికుల యిళ్ళకే వెళ్ళి చూసేవారు. బడి ముగింపు ఉత్సవంలో విద్యార్థులు తమ తమ దేశాల దుస్తుల్లో వేదిక మీద పెట్టిన పెద్ద మూసలోకి దిగి, అమెరికన్ సూట్లు వేసుకుని, జెండాలు వూపుతూ బయటికి వచ్చేవారు. దీన్ని భాషాబోధన అనడంకన్నా వేషం మార్పించడం అనడం న్యాయం.

అది పాతకాలపు మొరటుతనం, యిప్పుడెక్కడిది అనేవారున్నారు. 1985లో ఎల్సా ఆవర్‌బాక్, డెనీస్ బర్జెస్ అనే యిద్దరు అమెరికాలోని యిలాంటి వాచకాలను పరీక్షించారు. బతుకుతెరువు ఇంగ్లీషు పేరుతో ఆ పుస్తకాలు వలసవాడిని చిన్న వుద్యోగానికీ, చెప్పినట్టు వినడానికీ తయారుచేస్తున్నాయని చూపించారు. మూస పోయింది, మూసలోని మనిషి మిగిలాడు.

గంటలు పెంచితే చాలునని మరికొందరి వాదం. ఆస్ట్రేలియా 1948 నుంచీ ప్రభుత్వఖర్చుతో వలసవారికి ఇంగ్లీషు చెబుతున్నది. తర్వాతి రోజుల్లో విధించిన 510 గంటల హద్దును 2021లో తీసేసింది. సంతోషమే. కాని ఆ గంటల్లో యేం చెబుతారన్న ప్రశ్నకు గడియారం జవాబు చెప్పదు.

జవాబు కొంతవరకు బ్రిటన్‌లో ఒక క్యాంటీన్‌లో దొరికింది. ఒక పెద్ద విమానాశ్రయంలో సిబ్బందికి భోజనం వడ్డించే పనిలో భారత, పాకిస్తాన్ స్త్రీలు కొత్తగా చేరారు. వీళ్ళది పొగరని తినేవాళ్ళ ఫిర్యాదు. మమ్మల్ని చులకనగా చూస్తున్నారని వీళ్ళ ఫిర్యాదు. జాన్ గంపెర్జ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు పరిశీలిస్తే తగాదా ఒక్క మాట దగ్గర తేలింది. మాంసం మీద పోసే పులుసును గ్రేవీ అంటారు. కావాలా అని అడగడానికి ఇంగ్లీషువాళ్ళు ‘గ్రేవీ’ అంటూ చివర గొంతు లేపుతారు. మనవాళ్ళు గొంతు దించుతారు. మన వైపు అది మర్యాదగా అడగడమే; వాళ్ళ చెవికి మటుకు ‘యిదిగో, తింటే తిను, లేకుంటే పో’ అన్నట్టుంటుంది. ఆ మాటలు రికార్డుచేసి వినిపించారు. మొదట ఆ స్త్రీలకు రెండింటికీ తేడాయే తెలియలేదు. తెలిసింతర్వాత తమమీద యిన్నాళ్ళూ పడ్డ నిందకు మూలమెక్కడో అర్థమైంది. అంతకన్నా ముఖ్యం, పై అధికారులు కూడా నేర్చుకున్నారు. దించిన గొంతు పొగరు కాదనీ, ఆ స్త్రీలు ప్రశ్న అడిగే పద్ధతే అదనీ వాళ్ళకూ తెలిసింది. వలసవాడొక్కడే విద్యార్థి కానక్కరలేదన్నమాట.

తగవులన్నీ అపార్థాలే, గొంతు సవరించుకుంటే తీరిపోతాయి అని దీన్నుంచి తేల్చేవారిని చూస్తే మాత్రం భయం వేస్తుంది. గొంతు యెంత లేపినా తక్కువకూలి యెక్కువకాదు. ఆ పాఠం గొప్పతనం అది ఆ స్త్రీల ఫిర్యాదులోంచి పుట్టడంలో వుంది.

యీ సంగతి మనకు కొత్తదేం కాదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో వయోజనుల వాచకంలో సారా మీద పాఠం పెట్టారు. మొగుడి కూలి సారా అంగడికి పోవడంకన్నా ఆ స్త్రీలకు నిత్యజీవితం యింకేముంది? దూబగుంట స్త్రీలు పాఠం చదివి వూరుకోలేదు, అంగడి మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధించక తప్పలేదు. అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు అంతటితో సర్దుకుపోతారనుకున్న పెద్దలకు అది మింగుడుపడలేదు.

ఇంగ్లీషు పాఠం కూడా అలాగే వుండాలి. అద్దెయిల్లు పాఠం తీసుకోండి. పైకప్పు కారుతోంది, దయచేసి బాగుచేయించండి అని వలసవాడు అంటాడు. సరేనని యింటాయన అంటాడు. థాంక్యూ. పాఠం అయిపోయింది. కాని కప్పు యింకా కారుతూనే వుంది. పిల్లవాడికి దగ్గు పట్టింది. యింటాయన మూడు నెలలుగా ‘వచ్చేనెల’ అంటున్నాడు. నాలుగో నెల అద్దె అడగవచ్చినప్పుడు ఆ మనిషి ఇంగ్లీషులో యేమనాలి? ఆ మాటలతో మొదలుపెట్టండి పాఠం.