ఎలక్ట్రాన్ల పద్దు రాస్తే... లెక్క తేలికే!

పరీక్షలు దగ్గరపడ్డాయంటే గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో కనిపించే దృశ్యమే ఇది. రాత్రి పదిన్నర. టీవీ సౌండు తగ్గించేశారు. సీనియర్ ఇంటర్ అమ్మాయి పుస్తకం ముందేసుకుని పెన్ను కొరుకుతోంది. 'ఏమైందమ్మా?' అని నాన్న అడిగితే 'ఫార్ములా వచ్చు నాన్నా... లెక్కే రావట్లేదు' అంటుంది. నాన్న చదివింది బీకాం. పుస్తకంలోకి తొంగిచూస్తే కాథోడు, ఆనోడు, ఫారడే... 'రేపు మీ లెక్చరర్ని అడుగులే' అని ఊరుకుంటాడు.

మర్నాడు అడగడానికి మొహమాటం. లెక్క అలాగే మిగిలిపోతుంది. అలాంటివి నాలుగు పోగయ్యేసరికి 'నాకు కెమిస్ట్రీ రాదు' అని పిల్ల తనకు తానే ముద్ర వేసేసుకుంటుంది. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్షలో 160 మార్కులుంటే అందులో 40 కెమిస్ట్రీవే. మార్కుల సంగతి అలా ఉంచినా, ఒకసారి పడిన ఆ ముద్ర ఓ పట్టాన చెరగదు.

నిజానికి ఆ అమ్మాయికి రానిది కెమిస్ట్రీ కాదు, పద్దు రాయడం. ఎవరు ఎన్ని ఎలక్ట్రాన్లు ఇచ్చారు, ఎవరు ఎన్ని పుచ్చుకున్నారు... అంతే! జమాఖర్చులు నేర్పడానికి బీకాం నాన్నను మించిన గురువెవరు?

క్యూసెక్కులు తెలుసుగా!

ముందు ఆంపియరూ, కూలుంబూ అంటే భయం పోవాలి. ధవళేశ్వరం నీళ్లతో వరి పండించే ఇళ్లలో ఇది పెద్ద పనేం కాదు. వరదల రోజుల్లో పేపర్లో రోజూ చూసేవే... క్యూసెక్కులు, టీఎంసీలు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అది ప్రవాహం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అది మొత్తం నీరు. 11,574 క్యూసెక్కుల చొప్పున ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది.

కరెంటూ అంతే. ఆంపియరు క్యూసెక్కులాంటిది, కూలుంబు ఘనపుటడుగులాంటిది. ఆంపియర్లను సెకన్లతో గుణిస్తే మొత్తం ఎన్ని కూలుంబులు పారాయో తెలుస్తుంది. నీటిని టీఎంసీల్లో కొలిచినట్టే ఎలక్ట్రాన్లను మోల్‌లలో కొలుస్తారు. ఒక మోల్ ఎలక్ట్రాన్లంటే సుమారు 96,500 కూలుంబులు. దాన్నే ఒక ఫారడే అంటారు.

నాలుగే మెట్లు

ఒక లెక్క చూద్దాం. కాపర్ సల్ఫేట్ ద్రావణంలో 2 ఆంపియర్ల కరెంటును 965 సెకన్లు పంపితే కాథోడు మీద ఎంత రాగి పేరుకుంటుంది? రాగి పరమాణు భారం 63.5.

మొదటి మెట్టు: ఎన్ని కూలుంబులు? 2ని 965తో గుణిస్తే 1,930.

రెండో మెట్టు: ఎన్ని మోల్‌ల ఎలక్ట్రాన్లు? 1,930ని 96,500తో భాగిస్తే 0.02.

మూడో మెట్టు: ఒక్కో అయానుకు ఎన్ని ఎలక్ట్రాన్లు కావాలి? రాగి అయాను మీద రెండు ప్లస్‌లు ఉన్నాయి కాబట్టి రెండు. అంటే 0.02 మోల్‌ల ఎలక్ట్రాన్లకు వచ్చేది 0.01 మోల్ రాగే.

నాలుగో మెట్టు: గ్రాముల్లో ఎంత? 0.01ని 63.5తో గుణిస్తే 0.635 గ్రాములు.

ఎక్కువమంది జారేది మూడో మెట్టు దగ్గరే. ఫార్ములాను బట్టీ పట్టినవాళ్లకు ఆ మెట్టు కనిపించదు. అందుకే అంకెలు వేసే ముందే 'రాగి అయాను, రెండు ఎలక్ట్రాన్లు, రాగి' అని అర్ధచర్యను ఒక వరుసలో రాసుకోవాలి. పద్దు పుస్తకంలో తొలి వరుస అదే.

ఏరు దాటితే అదే లెక్క

ఈ లెక్కలు పరీక్ష కోసమే అనుకుంటే పొరపాటు. రాజమండ్రి నుంచి 1974లో మొదలైన రోడ్డు-కం-రైలు వంతెన దాటితే కొవ్వూరు. తణుకులో 1947లో చక్కెర కోసం పుట్టిన ఆంధ్రా షుగర్స్‌కు అక్కడ కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ ఉంది. ఇటు బిక్కవోలు దగ్గర బలభద్రపురంలో గ్రాసిం సంస్థ కాస్టిక్ సోడా ప్లాంటును 2022 ఏప్రిల్‌లో ప్రారంభించారు. పుస్తకంలో అరపేజీలో కనిపించే ఉప్పునీటి విద్యుద్విశ్లేషణే ఈ ఫ్యాక్టరీల వ్యాపారం.

ఉప్పునీటిలోకి కరెంటు పంపితే ఆనోడు దగ్గర క్లోరిన్, కాథోడు దగ్గర హైడ్రోజన్ వస్తాయి. ద్రావణంలో కాస్టిక్ సోడా మిగులుతుంది. పద్దు రాస్తే, ఒక మోల్ ఎలక్ట్రాన్లకు 40 గ్రాముల కాస్టిక్ సోడా, 35.5 గ్రాముల క్లోరిన్, ఒక గ్రాము హైడ్రోజన్. ఇందుకు ఖర్చయ్యే ఉప్పు 58.5 గ్రాములు.

ఇదే లెక్కను టన్నుల్లోకి మార్చండి. ఒక టన్ను కాస్టిక్ సోడా కావాలంటే దాదాపు 1,463 కిలోల ఉప్పు కావాలి. దానితోపాటు సుమారు 888 కిలోల క్లోరిన్, 25 కిలోల హైడ్రోజన్ వచ్చితీరతాయి. వద్దన్నా వస్తాయి! అందుకే కాస్టిక్ సోడా తయారుచేసేవాళ్లు క్లోరిన్‌కూ గిరాకీ వెతుక్కోక తప్పదు. సెల్ సుమారు 3 వోల్టుల దగ్గర నడుస్తుందనుకుంటే టన్నుకు రెండువేల యూనిట్ల పైచిలుకు కరెంటు ఖర్చవుతుంది. ఆ పరిశ్రమలో కరెంటు ఛార్జీలకు అంత ప్రాధాన్యం ఎందుకో ఫారడే నియమమే చెప్పేస్తుంది.

ఇక్కడ జాగ్రత్త!

మార్కులు జారిపోయే చోట్లు ముఖ్యంగా మూడున్నాయి.

ఒకటి... కరిగించిన ఉప్పా, ఉప్పునీరా? కరిగించిన ఉప్పయితే కాథోడు దగ్గర సోడియం వస్తుంది. ఉప్పునీరయితే హైడ్రోజనే. ఎందుకంటే సోడియం అయాను కంటే నీరే తేలిగ్గా ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటుంది. ప్రశ్నలో 'జల ద్రావణం' అన్న మాట కనబడగానే కింద గీత గీసుకోవడం మంచిది.

రెండు... కాథోడుకు ప్లస్సా, మైనస్సా? బ్యాటరీలో ఒకలా, విద్యుద్విశ్లేషణలో మరోలా ఉంటుంది. గుర్తుల జోలికి పోకుండా ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు... ఎక్కడైనా సరే కాథోడు ఎలక్ట్రాన్లను అందిస్తుంది, అక్కడ జరిగేది క్షయకరణమే. ఆనోడు దగ్గర ఆక్సీకరణమే.

మూడు... వోల్టులను గుణించడం. రాగి, వెండి సెల్‌లో ఎలక్ట్రాన్ల పద్దు సరిపోవడానికి వెండి అర్ధచర్యను రెండుతో గుణిస్తాం. ఆ ఊపులో 0.80 వోల్టులను కూడా 1.60 చేసేస్తారు చాలామంది. తప్పు! 0.80లోంచి రాగి విలువ 0.34 తీసేస్తే వచ్చే 0.46 వోల్టులే జవాబు. కాలవకు ఒక తూము తెరిచినా రెండు తెరిచినా పారే నీరు పెరుగుతుంది కానీ ఎగువ, దిగువ మట్టాల తేడా రెట్టింపవదు కదా. వోల్టంటే ఆ తేడాయే.

బట్టీ అక్కర్లేదు

ఇనార్గానిక్ అనగానే 'అంతా బట్టీయే' అంటారు పిల్లలు. అక్కడా ఈ పద్దే పనిచేస్తుంది. క్లోరిన్‌ను వేడి, గాఢ కాస్టిక్ సోడాలోకి పంపితే సోడియం క్లోరైడ్, సోడియం క్లోరేట్ వస్తాయి. ఎంత నిష్పత్తిలో? క్లోరేట్‌లో క్లోరిన్ ఆక్సీకరణ సంఖ్య ప్లస్ 5. అంటే ఒక క్లోరిన్ పరమాణువు అయిదు ఎలక్ట్రాన్లు వదులుకుంది. అవి ఎక్కడికి పోతాయి? క్లోరైడ్‌గా మారే పరమాణువు ఒక్కటే పుచ్చుకోగలదు కాబట్టి, పుచ్చుకునేవాళ్లు అయిదుగురుండాలి. కాబట్టి అయిదు క్లోరైడ్‌లకు ఒక క్లోరేట్. చల్లని, సజల కాస్టిక్ సోడాలో అయితే ప్లస్ 1 దాకానే వెళుతుంది. ఒకటికి ఒకటి! సమీకరణం మరిచిపోయినా పద్దు మరిచిపోకపోతే చాలు.

ఇంతకీ ఈ నియమాలను 1834లో ప్రకటించిన మైకేల్ ఫారడే బడిలో చదువుకున్నది తక్కువే. కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండు చేసే షాపులో పని నేర్చుకుంటూ, అక్కడికి వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. ఉన్నత గణితంలో ఆయనకు శిక్షణ లేదు. పారిన కరెంటునూ పేరుకున్న పదార్థాన్నీ ఓపిగ్గా తూచి పక్కపక్కన రాసుకున్నాడు. లెక్క అక్కడే దొరికింది.

పెద్దవాళ్లు అడగాల్సినవీ ఆ నాలుగు ప్రశ్నలే. ఎన్ని కూలుంబులు? ఎన్ని మోల్‌ల ఎలక్ట్రాన్లు? అయానుకు ఎన్ని? గ్రాముల్లో ఎంత? జవాబు మీకు తెలియక్కర్లేదు. అడిగితే చాలు, ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో పిల్లలకే తెలుస్తుంది. మర్నాడు లెక్చరర్ని 'లెక్క రాలేదండీ' అనకుండా 'మూడో మెట్టు అర్థం కాలేదండీ' అని అడగగలుగుతారు.

ఈ ఆదివారం ఒకటి ప్రయత్నించండి. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో 5 ఆంపియర్ల కరెంటును 1,930 సెకన్లు పంపారు. ఎంత వెండి? వెండి పరమాణు భారం 108. జవాబు 10.8 గ్రాములు రావాలి. ఒకవేళ 5.4 వచ్చిందంటే వెండికి కూడా రాగిలాగే రెండు ఎలక్ట్రాన్లు రాసేశారన్నమాట. పిల్లల్ని కోప్పడకండి... పద్దు ఇంకోసారి చూసుకోమనండి!